లోపలి కుట్టు

నొప్పికీ నొప్పికీ మధ్య ఏమీ ఉండకూడదని డాక్టర్ సుహాసిని గారు పొద్దున్నే చెప్పారు. నొప్పి రావాలి, పెరగాలి, తగ్గాలి, పోవాలి. పోయాక పొట్ట మెత్తబడాలి, మళ్ళీ వచ్చేదాకా ఖాళీగా ఉండాలి. ఆ ఖాళీలో పాత ఆపరేషన్ గాటు దగ్గర ఏ కాస్త నొప్పి మిగిలినా, మండినా, గుంజినా వెంటనే చెప్పాలి. "మీరు టీచరుగారు, ఓర్చుకోవడం మీకు అలవాటు. ఇవాళ మాత్రం వద్దు" అన్నారు. సరేనన్నాను. ఇప్పుడు రాజాంలోని ఈ ప్రసూతి ఆసుపత్రి కాన్పుగదిలో గోడ గడియారం మూడుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఒక నొప్పి వచ్చి పోయింది, పొట్ట మెత్తబడింది. ఆ ఖాళీలో గాటు దగ్గర ఏదో ఉంది. నేను చెప్పలేదు.

నొప్పి అనడానికి లేదు. పదో తరగతి పిల్లలకు పర్యాయపదాలు చెప్పేటప్పుడు అంటూ ఉంటాను, ఒక మాట ఉన్నచోట ఇంకో మాట అచ్చంగా ఇమడదు, బాధ వేరు, నొప్పి వేరు, వేదన వేరు అని. ఇది ఆ మూడింటిలో ఏదీ కాదు. గాటు మీద, కాస్త కుడివైపు, పక్కపక్కనే రెండు చోట్ల చిన్న బరువు. నొక్కినట్టు కాదు, ఆనించినట్టు. ఒక్కొక్కటీ నా చిటికెనవేలంత పొడవు. లోపలున్న బిడ్డ కాళ్ళు అక్కడ ఉండవు. తల కిందికి దిగిందనీ, కాళ్ళు నా పక్కటెముకల కింద ఉన్నాయనీ నర్సు భారతి పొద్దున్న నా చేతినే పట్టుకుని తడిమి చూపించింది. కాబట్టి గాటు మీద నిలబడినవి ఈ బిడ్డ పాదాలు కావు.

మొదటిది ఎదురుకాళ్ళతో ఉంది. అందుకే రెండున్నరేళ్ళ కిందట నన్ను కోశారు. నడుము కింద నా శరీరం నాది కాకుండా పోయి, కళ్ళముందు ఆకుపచ్చ గుడ్డ కట్టి ఉంటే, ఆ గుడ్డకు అవతల ఎవరో "కాళ్ళు దొరికాయి" అనడం విన్నాను. నా కూతురి గురించి ఈ లోకంలో అన్న మొదటి మాట అది. తలుపు ఉన్నచోట కాకుండా గోడ పగలగొట్టుకుని, కాళ్ళు ముందు పెట్టి, అడుగు వేసినట్టుగా వచ్చింది. తొమ్మిది రోజులు ఉంది. తొమ్మిదో రోజు తెల్లవారి పాలు తాగలేదు, పదిన్నరకు ఆటోలో నా ఒళ్ళోనే వేడి తగ్గింది. ఇరవై ఒకటో రోజున పేరు పెట్టాలనుకున్నాం. పురిటి బిడ్డకు ఫోటో తీయకూడదని అత్త ఫోన్లన్నీ దాచేసింది. అందుకని నాకు పిలవడానికి పేరు లేదు, చూడడానికి బొమ్మ లేదు. మా ఊరు భావనపాడులో సరుగుడు తోట దాటాక ఇసుకలో ఒక చోటు ఉంది. అదీ ఏ చెట్టు దగ్గరో గాలికి ఇసుక కదిలాక చెప్పడం కష్టం. మిగిలింది గాటు. స్నానం చేసేటప్పుడు వేలితో తడుముతాను, ఎడమ నుంచి కుడికి. కుడి చివర ఒక చిన్న ముడి ఉంది. వాక్యం చివర చుక్కలాగా.

ఇంకో నొప్పి మొదలైంది. నడుము వెనక నుంచి రెండు చేతులు ముందుకు వచ్చి పట్టుకున్నట్టు. "ఊపిరి బిగబట్టేస్తన్నారు టీచరుగారూ, వదలండి, వదలండి. మీరు పిల్లల్ని బెంచీ ఎక్కించినట్టు దాన్ని లోపల నిలబెట్టీకండి, రానియ్యండి" అంటోంది భారతి. నా తల దగ్గర నిలబడిన అత్త తడిగుడ్డతో నా మెడ తుడుస్తోంది. అత్త పేరు కూర్మమ్మ. మా నాన్నకు సొంత అక్క, నేను చేసుకున్న ఎల్లాజీ బావకు తల్లి. నలభై ఏళ్ళు తట్ట మోసిన మెడ ఆమెది, ఇప్పటికీ ఎటు తిరిగినా తల కదపకుండా మొత్తం మనిషి తిరుగుతుంది. ఆమె చేతుల్లో ఎంత కడిగినా ఉప్పుచేప వాసన, నాకు పుట్టినప్పటి నుంచి తెలిసిన వాసన. బావ వేరావల్ బోట్ల మీద ఉన్నాడు. గుజరాత్ సముద్రంలో ఎక్కడో. నిన్న సాయంత్రం నుంచి ఫోను అందడం లేదు, వలలు నిండేదాకా అందదు. నొప్పి పెరిగింది, నిలిచింది, దిగింది, పోయింది. పొట్ట మెత్తబడింది. రెండు పాదాలు అలాగే ఉన్నాయి.

చెప్పాలి. ఎందుకు చెప్పాలో నాకు తెలుసు. లోపలి కుట్టు విడితే బిడ్డకు గాలి అందేది కొన్ని నిమిషాలే. ఆ తర్వాత నాకూ అంతే. ఆ తలుపు అవతలే థియేటరు సిద్ధం చేసి ఉంచారు, మత్తు డాక్టరుగారు భోజనం కూడా అక్కడే కానిచ్చారట. ఒక్క మాట చాలు. కాని ఆ మాట అంటే అదే గాటు మీద మళ్ళీ కోస్తారు, పాత కుట్టు తీసేసి కొత్త కుట్టు వేస్తారు. మొదటిది వచ్చిన దారి చెరిగిపోయి రెండోది వచ్చిన దారి అవుతుంది. మామూలు కాన్పుకు ప్రయత్నిస్తానని నేను అడిగినప్పుడు డాక్టరుగారికి చెప్పిన కారణాలు వేరు. తొందరగా కోలుకోవచ్చు, పరీక్షల లోపు బడికి వెళ్ళవచ్చు అన్నాను. అవి అబద్ధాలు కావు. అసలు కారణం అనలేదు, అంతే. ఒకసారి కోస్తే మళ్ళీ కోయాల్సిందేనని స్టాఫ్‌రూములో అందరూ అన్నారు. కోయించుకోవద్దని పట్టుబట్టింది అత్త ఒక్కర్తే. ఆమెకు వేరే కారణం ఉంది. "ఆ దారి దానిదే నీలూ. దాన్నక్కడ ఉండనీ. మళ్ళీ తలుపు తీసినావంటే ఎవులొస్తారో మనకేటి తెల్సు" అంది ఒకనాడు, చేపల పొలుసు గీకుతూ, తల ఎత్తకుండా. నేను నవ్వలేదు. ఆ రాత్రి స్నానానికి వెళ్ళి లైటు వెయ్యకుండా, గాటు తడమకుండా వచ్చేశాను.

కాగితం ఉంటే ఇంత భయం ఉండేది కాదు. పైన చర్మం మీద గాటు అడ్డంగా ఉన్నా, లోపల గర్భసంచి మీద ఎలా కోశారో పైకి తెలియదు. అడ్డంగా కోస్తే కుట్టు గట్టిగా ఉంటుంది, నొప్పులకు ఆగుతుంది. నిలువుగా కోస్తే ఆగకపోవచ్చు. "ఎదురుకాళ్ళ బిడ్డకి కూడా ఎక్కువగా అడ్డంగానే కోస్తారు. స్కానింగులో మందం కూడా బాగానే ఉంది. కాని కాగితం చూడకుండా నేను ఖాయంగా చెప్పలేను" అన్నారు డాక్టరుగారు. అప్పటి నర్సింగ్‌హోమ్ ఇప్పుడు లేదు, ఆ మేడలో మోటారుసైకిళ్ళు అమ్ముతున్నారు. నాకు ఇచ్చిన ఫైలు సముద్రంలో ఉంది. పదో రోజున అత్త బిడ్డ గుడ్డలు, నూనె గిన్నె, మొలతాడు, పాలపీక ఒక మూట కట్టి, రాయి కట్టి, పడవలో అలలు దాటించి వదిలేయించింది. పోయిన బిడ్డది ఏదీ ఇంట్లో ఉండకూడదు. ఆ మూటలో ఫైలు కూడా పెట్టింది. దాని మీద బిడ్డ పేరు లేదు, ఉన్నది నా పేరే, నీలవేణి గారి పాప అని. అత్తకు చదువు రాదు. కాని లోపల రెండో పేజీలో నీలం సిరాతో బిడ్డ పాదాల ముద్రలు వేసి ఉన్నాయి. ఆ పేజీ తెరిచి చూసింది. మిగిలిన పదిహేను కాగితాల్లో ఏముందో ఆమెకు తెలియదు, ఆ ఒక్క కాగితంలో ఎవరున్నారో తెలిసింది.

ఆర్నెల్ల కిందట డాక్టరుగారు ఫైలు అడిగిన రోజున ఇంటికి వచ్చి అత్తను అడిగాను. అత్త అంది. "నాకు అచ్చరాలేటి తెల్సు. పాదాలు తెల్సు. అది కాయితం మీద నిలబడి నన్ను సూస్తన్నాది. నీ కంట బడితే నువ్వు బతకవని పంపించీసినాను. సదువొస్తే ముంచుతానేటి?" అనవలసింది ఏదైనా ఉంటే అది నన్ను నేనే అనుకోవాలి. ఆ ఫైలు నేను కూడా ఒక్కసారే తెరిచాను, ఆ పేజీ దగ్గరే ఆగాను. చదువు వచ్చిన నేను కూడా మిగిలినవి చదవలేదు.

"ఎన్నో కానుపమ్మా?" అని పొద్దున్న చీటీ రాసే అమ్మాయి అడిగితే అత్త నా కన్నా ముందే "తొలిసూలే" అంది. ఆ అమ్మాయి నా పొట్ట వైపు చూసి కలం పట్టుకుని ఆగిపోయింది. భారతి కల్పించుకుంది. "ఏటి కూర్మమ్మత్తా, ఈ గీత ఎవులు గీసినారు మరి, పిల్లలు స్కేలు పెట్టి గీసినారా?" అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నువ్వు ఊరుకో గుంటా. ఈ గదిలో దాని ఊసెత్తితే ఇంటాది" అంది. భారతి నవ్వబోయి మానేసింది. చీటీలో రెండు అని రాయించింది నేనే. రాశాక ఆ అంకె వైపు చూస్తే ఎందుకో మెడ వెనక చల్లగా అనిపించింది, వరసలో నా ముందు ఎవరో నిలబడి ఉన్నట్టు.

గది తెల్లగా ఉంది. మధ్యాహ్నపు ఎండ అద్దాల మీద కాగితం అంటించిన కిటికీ లోంచి పాలలాగా వస్తోంది, దేనికీ నీడ పడడం లేదు. పక్క మంచం ఖాళీ. దాని మీద రబ్బరు గుడ్డ మధ్యలో ఒక చిన్న పల్లం ఉంది, ఇప్పుడే ఎవరో లేచి వెళ్ళినట్టు, కాని పెద్దవాళ్ళు పడుకుంటే పడే పల్లం కాదు. చూడకుండా ఉండాలని గడియారం వైపు చూస్తాను. మూడు గంటల రెండు నిమిషాలు. నా పొట్ట చుట్టూ బెల్టు కట్టి, మిషన్‌లో బిడ్డ గుండె వినిపిస్తున్నారు. టకటకమని, తీరానికి దూరంగా పోతున్న ఇంజను పడవలాగా. చిన్నప్పుడు తెల్లవారుజామున చాప మీద పడుకుని ఆ చప్పుడు వినేదాన్ని, నాన్న పడవ ఏదో చప్పుడును బట్టి చెప్పగలిగేదాన్ని. హఠాత్తుగా ఆ చప్పుడు మందగించింది. బరువుగా, ఒక్కొక్కటిగా, నడిచినట్టు. ఇది వేరే ఎవరిదో. భారతి వచ్చి బెల్టు సర్దింది. "జారిపోనాది. మీ గుండే ఇనిపిస్తన్నాది టీచరుగారూ, భయపడీకండి." మళ్ళీ టకటక. నాది అన్నది నిజమే కావచ్చు. నా గుండె ఎలా వినిపిస్తుందో నాకేం తెలుసు. కాని ఆ నాలుగు అడుగులు నేను లెక్కపెట్టాను.

మరో నొప్పి. ఇది పొడుగ్గా ఉంది. దీని లోపల ఏమీ కనబడదు, వినబడదు, ఉప్పునీటిలో కళ్ళు తెరిచినట్టు ఉంటుంది. బయటపడేసరికి అత్త నా జుట్టు వెనక్కి తోస్తోంది. నాకు క్లాసు గుర్తొచ్చింది. బిడ్డ పోయిన మూడో నెలలో బడికి వెళ్ళాను. జాతీయాలు, సొంత వాక్యాలు. బోర్డు మీద అయిదు రాయాలి, పాఠంలో ఉన్నవి ఉన్నట్టు రాస్తూ పోతే మూడోది కడుపుకోత. సుద్దముక్క ఆగలేదు, రాసేశాను. వెనక పిల్లలు రాసుకోవడం ఆపేశారు. వాళ్ళకు తెలుసు. కుసుమకుమారి అనే పిల్ల, ఎప్పుడూ ఆఖరి బెంచీలో కూర్చునేది, సొంత వాక్యం ఇలా రాసి తెచ్చింది: "మా టీచరుకు కడుపుకోత అయినది, కుట్లు వేసినారు, తగ్గుతుంది." తప్పని ఎర్ర సిరా పెట్టాలి. జాతీయాన్ని మాటకు మాటగా అర్థం చేసుకోకూడదని చెప్పాలి. నేను సరి అని గీత పెట్టాను. ఊరంతా ఓదార్చడానికి వచ్చి అదే మాట అన్నారు, నేను ఎవరితోనూ ఆ మాట అనలేదు. మన భాషలో ఈ రెండిటికీ ఒకే మాట ఎందుకుందో ఏ నిఘంటువూ చెప్పదు. బిడ్డను తీయడానికి కోస్తే ఒక గాటు, బిడ్డ పోతే ఒక కోత. నాకు రెండూ ఒక చోటే ఉన్నాయి.

మూడు గంటల పది. పొట్ట మెత్తబడింది. పాదాలు కదిలాయి. నడిచినట్టు కాదు, నిలబడిన చోటే బరువు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు మార్చినట్టు. బడి ముందు లైనులో నిలబడిన చిన్నపిల్లలు అలా చేస్తారు. నాకు ఏడుపు రాలేదు. రెండున్నరేళ్ళలో మొదటిసారి నాకు ఏమీ తక్కువగా లేదు. లోపల ఒకటి, గాటు దగ్గర ఒకటి. ఇద్దరూ ఉన్నారు. ఈ గంట ఇలాగే ఉండిపోతే చాలనిపించింది. బోటు రాకపోయినా, బిడ్డ రాకపోయినా, ఎవరూ ఎక్కడికీ పోకుండా. అనుకున్నాక ఆ వాక్యం మళ్ళీ చదువుకున్నాను. బిడ్డ రాకపోయినా. నేనే అనుకున్నాను ఆ మాట.

అత్త నా ముఖం మీదకు వంగింది. కుండలోకి చూసినట్టు చూసింది. "ఏటది? నొప్పి పోయినాక కూడా నీ కన్ను అక్కడే ఉన్నాది. ఏటి దాస్తన్నావు?" ఏమీ లేదన్నాను. "నాకు సెప్పకు. దాసుకో. నానూ దాసినాను, ఏటైనాది? కాయితం సముద్రంలోన, పేణం డాట్రమ్మ సేతిలోన" అంది. కోపంగా అనలేదు. నేను అత్త చెయ్యి పట్టుకున్నాను. "అత్తా, అది వచ్చింది. గాటు మీద నిలబడింది." అత్త చెయ్యి నా చేతిలో బిగిసింది. ఆమె భయపడుతుందనుకున్నాను, చీపురుపుల్లో, మిరపకాయలో, ఏదో ఒకటి అడుగుతుందనుకున్నాను. ఆమె నా పొట్ట వైపు చూసి, గాటు ఉన్నచోట దుప్పటి మీద అరచెయ్యి ఆనించి, పక్కింటి పిల్లతో మాట్లాడినట్టు మెల్లగా అంది. "ఓలమ్మా, నువ్వొచ్చినావా. ఎండలోన వొచ్చినావా." ఆ తర్వాత నాతో, గొంతు మార్చకుండానే, "బేగి సెప్పు డాట్రమ్మకి. అది సంటిది, దానికేటి తెల్సు. ఎక్కడ నిలబడకూడదో దానికి తెల్దు" అంది.

సరిగ్గా అప్పుడే మిషన్‌లో ఆ ఇంజను చప్పుడు తగ్గింది. టకటక విడిపోయింది, టక, టక, మధ్యలో నీళ్ళంత ఖాళీ. భారతి బెల్టు సర్దింది. ఈసారి చప్పుడు మారలేదు. ఆమె నా మణికట్టు పట్టుకుని చూసింది. నా నాడి వేగంగా కొట్టుకుంటోంది, మిషన్‌లోది అది కాదు. ఇది బిడ్డదే. దూరమవుతున్న పడవ చప్పుడు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ముందు చిన్నదవుతుంది, తర్వాత గాలి తిరిగినప్పుడు మాత్రమే వినిపిస్తుంది, తర్వాత విన్నామో అనుకున్నామో తెలియదు. ఒక బిడ్డ విషయంలో ఆ మూడోదాని దాకా విన్నాను. "భారతీ, డాక్టరుగారిని పిలువు. గాటు దగ్గర నొప్పిగా ఉంది. మధ్యలో కూడా ఆగడం లేదు" అన్నాను. నొప్పి అన్నాను. అది సరైన మాట కాదని తెలుసు. వాళ్ళకు అర్థమయ్యే మాట అదే. అనగానే నేను ఎవరినో పేరు పెట్టకుండానే బయటకు పంపినట్టయింది.

డాక్టరుగారు వచ్చి పొట్ట మీద చెయ్యి పెట్టారు. "ఎంతసేపటి నుంచి?" గడియారం చూశాను. "ఇరవై మూడు నిమిషాల నుంచి." ఆమె నా వైపు ఒకసారి చూశారు. తప్పు చేసిన పిల్లలను నేను చూసినట్టు కాదు, ఆ పిల్లల తల్లులను చూసినట్టు. లోపల పరీక్షించి, "తల బాగా కిందికి వచ్చేసింది. థియేటర్‌కి మోసుకెళ్ళేలోగా ఇక్కడే తీసేస్తాను. భారతీ, ముందు గొట్టం వెయ్యి, మూత్రసంచి నిండిపోయి ఉంది చూడు, నొప్పి దానివల్ల కూడా కావచ్చు" అన్నారు. గొట్టం వేశారు. సీసాలోకి నీళ్ళు పడుతున్న చప్పుడు. అంతేనా, నీళ్ళేనా అనుకున్నాను. నీళ్ళన్నీ పోయాక కూడా ఆ రెండూ కాసేపు అలాగే ఉన్నాయి. తర్వాత మొదట ఎడమది లేచింది. తర్వాత కుడిది. కుడిది లేస్తున్నప్పుడు వేళ్ళు చివరగా వదిలాయి, అయిదూ ఒకదాని తర్వాత ఒకటి. అప్పుడు నేను అరిచానట. నాకు గుర్తులేదు.

"ముక్కండి, ఇప్పుడు, ఇంకా, ఇంకా" అంటున్నారు. బిడ్డ తల మీద ఏదో గిన్నెలాంటిది అమర్చారు. నేను తోస్తున్నానో, నన్నే ఎవరో తోస్తున్నారో తెలియలేదు. క్రితంసారి గుడ్డకు అవతల ఎవరికో జరిగింది. ఈసారి గుడ్డ లేదు, మత్తు లేదు, నిప్పు ఎక్కడ పెట్టారో అంగుళం అంగుళం తెలిసింది. అత్త నా వీపు వెనక మోకాలు ఆనించి, పడవను నీళ్ళలోకి నెట్టేటప్పుడు మగాళ్ళు వేసే కేక పళ్ళ మధ్య మెల్లగా వేస్తోంది. ఆఖరి తోపులో ఏదో దాటింది, వేడిగా జారింది, ఒక్క క్షణం గదిలో ఏ చప్పుడూ లేదు, మిషను కూడా లేదు. తర్వాత ఏడుపు. చిరాకుగా, నిద్ర లేపినట్టుగా. "కొడుకు" అంది భారతి. నా రొమ్ము మీద పెట్టారు. తడిగా, బరువుగా, నా వేడి కంటే ఎక్కువ వేడిగా ఉన్నాడు. వాడి తల ముందుకు పొడుగ్గా సాగి ఉంది, సందు లోంచి దూరి వచ్చిన పిల్లాడిలాగా.

మావి కూడా పడ్డాక డాక్టరుగారు మళ్ళీ చేతులు కడుక్కుని వచ్చారు. "పాత కుట్టు ఎలా ఉందో లోపల చెయ్యి పెట్టి చూస్తాను, కాస్త ఓర్చుకోండి" అన్నారు. ఆమె కళ్ళు గోడ మీద ఎక్కడో నిలిచాయి, చీకట్లో అగ్గిపెట్టె వెతికే మనిషి కళ్ళలాగా. లోపల ఆమె వేళ్ళు ఎడమ నుంచి కుడికి జరగడం తెలిసింది. నేను స్నానంలో బయటి నుంచి తడిమినట్టే ఆమె లోపలి నుంచి తడుముతోంది. "అడ్డంగానే కోశారు. గట్టిగా ఉంది. ఎక్కడా విడలేదు" అన్నారు.

"లోపల ఇంకెవరూ లేరు కదా మేడమ్" అన్నాను.

డాక్టరుగారు నవ్వారు. కవలలనుకున్నానని అనుకున్నారు. "లేరమ్మా. ఖాళీ. ఒక్కడే" అని చెయ్యి తీసుకున్నారు. భారతి కూడా నవ్వింది. అత్త నవ్వలేదు. నా పాదాల దగ్గర దుప్పటి సర్దుతున్నది ఆగి, మొత్తం మనిషి తిరిగి తలుపు వైపు చూసింది. తర్వాత, ఇరుకు సందులో ఎదురొచ్చిన వాళ్ళకు దారి ఇచ్చినట్టు, కొంగు దగ్గరగా పట్టుకుని ఒక అడుగు పక్కకు జరిగింది.